కొంచెం కొంచెంగా గాలి తగ్గే టైరుకు షాంపూ నీళ్లు

అనంతపురం చుట్టుపక్కల పల్లె రోడ్లలో కారు తిప్పేవాళ్లకు ఇది మామూలే: టైరు ఫ్లాట్ కాదు, కానీ నాలుగు రోజులకోసారి గాలి కొట్టించాలి. కంపముల్లు విరిగి లోపలే ఉండిపోతే పైకి కనపడదు.

టైరు విప్పించేముందు ఇంట్లోనే చూసుకోండి. అర లీటరు నీళ్లలో ఒక షాంపూ ప్యాకెట్ కలిపి స్ప్రే బాటిల్లో పోయండి. డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కర్ మీద రాసినంత గాలి ఉండాలి. మొదట వాల్వ్ మూత తీసి అక్కడ రెండు చుక్కలు వేయండి. బుడగ ఉబ్బితే అది పంక్చరే కాదు, లోపలి పిన్ను మారిస్తే సరి. ఇది చూడకుండానే టైరు విప్పేస్తారు చాలామంది! తర్వాత రిమ్ అంచు, ఆపైన టైరు మీది గాడులు తడపండి. బండిని సగం చుట్టు ముందుకు జరిపి, నేలకు ఆనిన భాగం కూడా. ఒక నిమిషం ఆగితే ఆవగింజంత నురుగు ఒకేచోట పుడుతూ ఉంటుంది. సుద్దముక్కతో గుండ్రంగా గీయండి. మేకు కనిపిస్తే పీకొద్దు, షాపుదాకా గాలిని ఆపేది అదే.

మరీ సన్న లీకైతే ఇలా దొరకదు, తొట్టిలో ముంచాల్సిందే. బుడగలు టైరు పక్కభాగంలో వస్తే మాత్రం స్ట్రిప్ (రంధ్రంలో దూర్చే రబ్బరు పట్టీ) పెట్టించొద్దు, టైరు మార్చాలి. 6 మిల్లీమీటర్లు దాటిన రంధ్రమైనా అంతే. టైరు దెబ్బతింటే ఖర్చు భరించే ప్రొటెక్షన్ ప్లాన్ తీసుకుని ఉంటే విప్పకముందే ఫొటో తీసి, టైరు బిల్లు సిద్ధంగా ఉంచుకోండి. మామూలు వారంటీ తయారీ లోపాలకే, ముల్లుకూ మేకుకూ కాదు.