సభలో నవ్వించడం – 3వ పాఠం: మెరుపు మాట చివర పడాలి

గత పాఠంలో రాసుకున్న మూడు ఛలోక్తులను దగ్గర పెట్టుకోండి. ఈ వారం వాటికి కొత్తగా చేర్చేదేమీ లేదు, ఉన్న మాటలనే అటూ ఇటూ జరుపుతాం. చాలా జోకులు పేలకపోవడానికి కారణం సరుకు లేకపోవడం కాదు. నవ్వు పుట్టించే మాట, అంటే మెరుపు మాట, అయిపోయాక కూడా వాక్యం ఇంకా నడుస్తూ ఉండడం.

తెలుగులో ఈ చిక్కు మరీ ఎక్కువ, ఎందుకంటే మన వాక్యం మామూలుగా క్రియతో ముగుస్తుంది. నవ్వబోయిన శ్రోత 'ఇంకా ఏదో ఉంది' అని ఆగుతాడు. ఆ అరక్షణంలో నవ్వు చల్లారిపోతుంది.

ఒక హెడ్మాస్టారి పదవీ విరమణ సభ అనుకుందాం. ఆయన రోజూ అందరికన్నా ముందు బడికి వచ్చేవారన్నది మన దగ్గరున్న సంగతి. మొదట రాసుకున్న వాక్యం ఇలా ఉంటుంది:

"మాస్టారి సైకిల్ బెల్లు విని మా ఊరి కోళ్లు తెల్లారిందనుకుని కూసేవి."

సైకిల్ బెల్లు మొదట్లోనే బయటపడిపోయింది. ఇప్పుడు దీన్ని రెండు ముక్కలు చేయండి:

"మా ఊళ్లో కోడి పొద్దు చూసి కూసేది కాదండీ. కూసేదల్లా... మాస్టారి సైకిల్ బెల్లు విని."

క్రియను 'కూసేది', 'అడిగింది', 'తెచ్చింది' వంటి రూపంలోకి మార్చి ముందుకు జరిపితే చివరి చోటు ఖాళీ అవుతుంది. అక్కడ మెరుపు మాట పెట్టాలి. ఉపన్యాసంలో ప్రతి వాక్యాన్నీ ఇలా తిప్పకండి, వినేవాళ్లకు వెగటు పుడుతుంది. నవ్వు కావలసిన చోట మాత్రమే చాలు.

సంభాషణతో నడిచే ఛలోక్తుల్లో అసలు దొంగ 'అని అన్నాడు'. "'అయ్యా, ఇవాళ ఆదివారమా?' అని ప్యూను అడిగాడన్నమాట" అంటే ఆ ప్రశ్నకున్న పదునంతా 'అన్నమాట'లో కలిసిపోతుంది. మాట్లాడింది ఎవరో ముందే చెప్పేయండి: "మాస్టారు ఒక్కరోజు సెలవు పెట్టారు. ప్యూను గేటు దగ్గర నిలబడిపోయి ఏమడిగాడంటే... 'అయ్యా, ఇవాళ ఆదివారమా?'" అంతే. తర్వాత ఒక్క మాట కూడా వద్దు. మొదట్లో వాక్యం మొండిగా ఆగినట్టు అనిపిస్తుంది, నోరు 'అని' కోసం వెతుక్కుంటుంది. పదిసార్లు గట్టిగా చెబితే ఆ అలవాటు పోతుంది. ఈ ఛలోక్తిలో నవ్వు మాస్టారి మీద కాదు, ఆయన క్రమశిక్షణను చూసి. సన్మాన సభలో ఈ తేడా ప్రాణం లాంటిది.

ఇక విరామం. పైన చుక్కలు పెట్టిన చోట మనసులో 'ఒకటి' అనుకునేంత సేపు ఆగండి. రెండు దాటితే మాట మరచిపోయారనుకుంటారు. ఆ క్షణంలో చాలామంది వేదిక మీది పెద్దల వైపు తిరుగుతారు. మొహం మైకు నుంచి పక్కకు పోయి, చివరి మాట వెనక వరసలకు అందదు. ముందు వరసలు నవ్వుతుంటే వెనక వాళ్లు "ఏమన్నాడు?" అని పక్కవాళ్లను అడుగుతుంటారు. చూపు జనం మధ్యలో నిలపండి, మైకుకు నాలుగు వేళ్ల దూరంలో ఉండండి. వాక్యం చివర గొంతు దించే అలవాటుంటే ఇక్కడ మాత్రం దించకండి.

నవ్వు మొదలయ్యాక నోరు మూసుకుని ఉండడం అన్నిటికన్నా కష్టం. అది సగానికి తగ్గేవరకు ఆగి, పూర్తిగా సద్దుమణగక ముందే మాట అందుకోండి. మొదటి వాక్యంలో ముఖ్యమైన సంగతి పెట్టకండి, అది నవ్వుల్లో కొట్టుకుపోతుంది. "అలాంటి మాస్టారండీ" వంటి తేలిక మాట చాలు. బుర్రకథ చూసినవాళ్లకు ఇది తెలిసిన కిటుకే. ముగ్గురిలో ఒకరు కథకుడు, మిగతా ఇద్దరు వంత పాడేవాళ్లు; వాళ్లలో ఒకడు హాస్యానికి ఉంటాడు. అతని మాట ముగిశాక డక్కీ అనే వాయిద్యం మోతో, 'తందాన తాన'నో అందుకుంటే, జనం నవ్వుకోవడానికి చోటు దొరుకుతుంది. కథకుడు ఆ తర్వాతే కథలోకి వస్తాడు.

కల్యాణ మండపంలో గొంతు గోడలకు తగిలి తిరిగొస్తుంది కాబట్టి మెరుపు మాటకు ముందు వాక్యాన్ని నెమ్మదిగా చెప్పాలి. ఆరుబయట షామియానా కింద నవ్వు గాలిలో కలిసిపోయి తక్కువగా వినిపిస్తుంది. పేలలేదనుకుని అదే జోకు మళ్లీ చెప్పకండి, వివరించకండి.

ఈ వారం అభ్యాసం: మీ మూడు ఛలోక్తుల్లో నవ్వు పుట్టించే మాట కింద గీత గీయండి. దాని తర్వాత ఎన్ని మాటలున్నాయో లెక్కపెట్టి, సున్నా అయ్యేదాకా తిరగరాయండి. ఎత్తుగడ, అంటే మెరుపు మాటకు ముందు నడిచే భాగం, రెండు మూడు వాక్యాలు మించకూడదు. తర్వాత నిలబడి, ఫోన్లో రికార్డు చేసి, మర్నాడు వినండి. చివరి మాట స్పష్టంగా వినపడకపోతే మళ్లీ చేయండి. ఆఖరున, ఈ సంగతులు తెలియని ఒకరికి చెప్పి చూడండి. గీత గీసిన మాటకు ముందే వాళ్లు నవ్వితే, ఎత్తుగడలోనే గుట్టు విప్పేశారన్నమాట. ఆ వాక్యాన్ని వచ్చే పాఠానికి పక్కన ఉంచండి, దాంతోనే మొదలుపెడదాం.