ఉగ్గాని బండికి గిరాకీ పెరగట్లేదా? సమస్య - పరిష్కారం

ఉగ్గాని అంటే తడిపిన బొరుగులతో చేసే టిఫిన్. అనంతపురంలో టిఫిన్ బండి పెట్టినవాళ్లు, పెట్టాలనుకునేవాళ్లు ఎక్కువగా అడిగేవి ఇవే.

సమస్య: ప్లేటు మీద ఐదు రూపాయలు తగ్గించాం. వారం రోజులు జనం వచ్చారు. పక్క బండివాడూ తగ్గించేసరికి మళ్లీ మామూలే.

కారణం: రోడ్డు మీద నిలబడి తినే ఆ కొద్దిమందినే బండ్లన్నీ పంచుకుంటున్నాయి. ఇన్సియాడ్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్లు చాన్ కిమ్, రెనె మోబోర్న్ దీనికి 'రెడ్ ఓషన్' అని పేరు పెట్టారు. పోటీలో కొట్టుకుని నెత్తురుతో ఎర్రబడిన సముద్రమట. సముద్రం మనకెక్కడిది గానీ, పక్కపక్క చేలల్లో బోర్లు వేసుకుంటూ పోవడం మనకు తెలుసు. నీళ్లు పెరగవు, లోతే పెరుగుతుంది.

పరిష్కారం: ఒక మూడు రోజులు పక్క బండి రేటు చూడటం మానేసి, మీ బండి దగ్గర ఆగకుండా పోయేవాళ్లను చూడండి. ఏడింటి బస్సుకు పరుగెత్తే మనిషి టీ కొట్లో రెండు బిస్కెట్లు తిని ఎక్కేస్తాడు. అంటే మీ అసలు పోటీ ఆ బిస్కెట్ ప్యాకెట్‌తో. అతనికి లేనిది డబ్బు కాదు, నిలబడి తినే పది నిమిషాలు. దోసె చల్లారితే అట్ట ముక్క. ఇడ్లీకి చట్నీ కావాలి, అది బ్యాగులో కారుతుంది. ఉగ్గానికి ఆ బాధ లేదు, పప్పుల పొడి అందులోనే ఉంటుంది. బస్సు టైముకు ముందే పొట్లాలు కట్టి పెట్టండి. మిరపకాయ బజ్జీని విడిగా చుట్టండి, కలిపి కడితే మెత్తబడుతుంది. న్యూస్ పేపర్ మాత్రం వద్దు, సిరా తిండికి అంటుతుంది.

సమస్య: కొత్తవి చేర్చాం. అమ్మకం కొంచెం పెరిగింది, మిగిలేది మాత్రం ఏమీ లేదు.

కారణం: చేర్చారు, దేన్నీ తీసేయలేదు. ఎక్కువమంది పడే గుంత ఇదే. పూరీ, వడ, దోసె, పైన ఇప్పుడు నూడుల్స్! గ్యాసు, పిండి, మనిషి కూలి అన్నీ పెరిగాయి.

పరిష్కారం: ఆ ప్రొఫెసర్లే నాలుగు ప్రశ్నలు వేసుకోమంటారు: ఏది తీసేయాలి, ఏది తగ్గించాలి, ఏది పెంచాలి, ఏది కొత్తగా చేర్చాలి? 1984లో కెనడాలోని క్యుబెక్‌లో మొదలైన సర్క్ డు సొలే అనే కంపెనీ జంతువులు లేకుండానే సర్కస్ నడిపింది. సర్కస్‌లో పెద్ద ఖర్చుల్లో ఒకటి ఆ జంతువులను మేపడం, ఊరూరా తిప్పడం మరి. గుడారం, జోకర్లను ఉంచుకుని, నాటకంలోంచి కథ, సంగీతం తెచ్చుకుంది. సర్కస్‌కు పోని పెద్దవాళ్లు నాటకం టికెట్ రేటు పెట్టి చూశారు. మీ బండి మీద అలాంటి ఏనుగు దోసె పెనం కావచ్చు. రెండు వారాలు పక్కన పెట్టి లెక్క రాసి చూడండి.

సమస్య: పదకొండు దాటితే బండి ఖాళీ.

పరిష్కారం: బొరుగులు ఏ కొట్లోనైనా దొరుకుతాయి. మీ చేతి పప్పుల పొడి దొరకదు. దాన్ని చిన్న ప్యాకెట్లు చేసి అమ్మండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ చేయించి, ప్యాకెట్ మీద ఆ నంబరు, తయారైన తేదీ, ఎమ్మార్పీ వేయండి. మొదట ఇరవై ప్యాకెట్లు చాలు, అవి అయ్యాకే మళ్లీ దంచండి.