ఇంజెరా తినడానికి స్పూన్ అడగకండి

ఏయూలో చదవడానికొచ్చిన ఇథియోపియా దంపతులు పెదవాల్తేరులో మా పై పోర్షన్‌లో ఉండేవారు, ఈ తిండి వాళ్లింట్లోనే నేర్చుకున్నాను. మీరు ఏ ఊళ్లోనైనా ఇంటిల్లిపాదీ కలిసి నడిపే చిన్న ఇథియోపియా హోటల్‌కి వెళ్తే ఇవి గుర్తుంచుకోండి.

చేతులు కడుక్కుని కూర్చోండి, తినేది కుడిచేత్తోనే. అందరికీ కలిపి ఒకటే పెద్ద పళ్లెం వస్తుంది. అందులో పరిచే ఇంజెరా అంటే టెఫ్ అనే చిరుధాన్యం పిండిని కొన్ని రోజులు పులియబెట్టి ఒకవైపే కాల్చిన అట్టు, పైనంతా చిల్లులతో స్పంజిలా ఉంటుంది, పులుపు కూడా గట్టిగానే తగులుతుంది. మొదటి ముక్కకే వద్దనుకోకండి, కారం కూరతో కలిస్తేనే దాని అసలు రుచి. చిన్న ముక్క తుంచి దాంతోనే కూర పట్టుకోవాలి, మీ ముందున్న వైపు నుంచే.

శాకాహారులు ఇంజెరా మీద రకరకాల కూరలు కొంచెం కొంచెం వడ్డించే ‘బెయాయ్నెతు’లో ఉపవాసం రకం అడగండి, పాలు, వెన్న, గుడ్డు ఏవీ పడవు. మసూర్ పప్పుతో మిసిర్ వొట్, శనగపిండితో షిరో, ఈ రెండూ నాకు ప్రాణం. మాంసం తినేవాళ్లు ఉడికిన గుడ్డు వేసిన కోడికూర, డోరో వొట్ చెప్పండి. కిట్ఫో మాత్రం పచ్చి గొడ్డుమాంసం, తెలిసి ఆర్డర్ చేయండి.

ఎవరైనా ముద్ద చేసి నోటికందిస్తే కాదనకండి. దాన్ని గుర్షా అంటారు, మన గోరుముద్ద లాంటి ప్రేమే.

కాఫీకి టైమ్ ఉంచుకోండి. పై పోర్షన్ ఆవిడ పచ్చి గింజలు అప్పటికప్పుడు వేయించి, పొగలొస్తున్న పెనం మా ముఖాల దగ్గరికి తెచ్చి వాసన చూపించేది, పక్కన సాంబ్రాణి, తర్వాత జెబెనా అనే మట్టి కాఫీ కూజాలోంచి చిన్న కప్పుల్లోకి మూడు విడతలు. మూడోదాన్ని బరకా అంటారు, అంటే దీవెన, అది తాగాకే లేవండి.