సీటీబీటీ ఫైలు మీ టేబుల్ మీదికి వస్తే

విదేశాంగ శాఖలో కొత్తగా చేరినవాళ్లకు నిరాయుధీకరణ డెస్క్ అప్పగిస్తే ముందు పట్టుకునే టెన్షన్ ఒకటే: ఇన్నేళ్లుగా కదలని ఫైలును నేనేం కదుపుతాను? ఆ డెస్కులో చాలాకాలం కూర్చున్నదాన్ని కాబట్టి నాకు తెలిసిన పద్ధతి చెబుతాను.

సమగ్ర అణు పరీక్షల నిషేధ ఒప్పందాన్ని (సీటీబీటీ) మొదటి పేజీ నుంచి చదవకండి. ఒప్పందం ఎప్పుడు అమల్లోకి వస్తుందో చెప్పే 14వ అధికరణం చదివి, వెంటనే రెండో అనుబంధం తీయండి. అందులో 44 దేశాల పేర్లున్నాయి. 1996లో జెనీవా నిరాయుధీకరణ సదస్సులో పాల్గొని, అప్పటికే విద్యుత్తు కోసమో పరిశోధన కోసమో అణు రియాక్టర్లు ఉన్నవి. ఈ 44 దేశాలూ ధ్రువీకరించాలి, అంటే సంతకంతో ఆగకుండా తమ దేశంలో ఆమోదం పొంది ఆ పత్రం అందజేయాలి. ఆఖరి దేశం పత్రం అందిన 180 రోజులకు ఒప్పందం అమల్లోకి వస్తుంది. ఒక్కటి ఆగినా అంతా ఆగినట్టే. అందుకే 187 సంతకాలు, 178 ధ్రువీకరణలు అన్న అంకెలను ఉపన్యాసాల్లో వాడుకోండి గానీ, మీ పనికి కొలతగా పెట్టుకోవద్దు. ఆ 44లో మిగిలినవి తొమ్మిది. అమెరికా, చైనా, ఈజిప్టు, ఇరాన్, ఇజ్రాయెల్ సంతకం చేసి ఆగిపోయాయి. భారత్, పాకిస్థాన్, ఉత్తర కొరియా సంతకమే చేయలేదు. రష్యా 2000లో ధ్రువీకరించి, 2023 నవంబర్‌లో దాన్ని వెనక్కి తీసుకుంది. సంతకం మాత్రం అలాగే ఉంది.

ఒకే నోట్ రాసి, పేర్లు మార్చి తొమ్మిది చోట్లకూ పంపే అలవాటు చాలా శాఖల్లో ఉంది. దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఒక్కో దేశానికి ఒక్కో పేజీ రాయండి. నిర్ణయం ఎవరి చేతిలో ఉంది? బయటికి చెబుతున్న అభ్యంతరం ఏమిటి? అది తొలగాలంటే ముందు ఇంకెవరు కదలాలి? ఈ మూడే రాయండి.

అమెరికా పేజీలో మొదటి మాట సెనేట్. మూడింట రెండొంతుల మంది, అంటే 67 ఓట్లు కావాలి. 1999 అక్టోబర్ 13న అనుకూలంగా 48, వ్యతిరేకంగా 51 పడ్డాయి. వాళ్ల విదేశాంగ శాఖ అధికారులతో ఎంత బాగా మాట్లాడుకున్నా ఆ లెక్క మారదు. భారత్ పేజీ పూర్తిగా వేరు. తన అంగీకారం లేకుండా తన పేరును ఆ 44లో చేర్చడమే అన్యాయమని 1996లో భారత రాయబారి అరుంధతీ ఘోష్ జెనీవాలో గట్టిగా వాదించారు. అణ్వాయుధాల నిర్మూలనకు గడువు లేదన్నది మరో అభ్యంతరం. అక్కడికి వెళ్లి ‘సంతకం ఎప్పుడు?’ అని మొదలుపెడితే టీ ఇచ్చి పంపేస్తారు. 1998 పరీక్షల తర్వాత తనంతట తాను ప్రకటించిన మారటోరియం (ఇక పరీక్షలు చేయబోనన్న నిలుపుదల) గురించి మాట్లాడితే సంభాషణ నడుస్తుంది. పాకిస్థాన్ 1996లో ఐక్యరాజ్యసమితి సాధారణ సభలో ఒప్పందానికి అనుకూలంగా ఓటేసింది గానీ, సంతకం విషయంలో భారత్ వైపు చూస్తుంది. ఈజిప్టు చూపు ఇజ్రాయెల్ మీద.

‘వాళ్లు కదిలితే మేమూ’ అనే మాట రాతి మీద గీత కాదు. ఇండోనేషియా కూడా అమెరికా వెనకే వస్తానంది. 2010లో మనసు మార్చుకుని, ముందే వెళ్తానని ప్రకటించింది. 2011 డిసెంబర్‌లో పార్లమెంటు ఆమోదించింది, 2012 ఫిబ్రవరిలో పత్రం అందజేసింది. నేనైతే ఎవరితో మాట్లాడినా ఈ కథ చెప్పకుండా లేవను.

ఇక మీ దగ్గరున్న అసలు బలం తనిఖీ. 1999లో సెనేటర్లు పెట్టిన పెద్ద అభ్యంతరాల్లో ఒకటి, మోసాన్ని పట్టుకోలేమని. ఇప్పుడు 337 కేంద్రాలతో రూపొందిన పర్యవేక్షక వ్యవస్థ దాదాపు పూర్తయింది. భూకంప తరంగాలు, సముద్రంలో శబ్దం, చెవికి వినిపించని ఇన్‌ఫ్రాసౌండ్, గాలిలో రేడియోధార్మిక కణాలు... అన్నిటినీ గమనిస్తుంది. ఉత్తర కొరియా చేసిన ఆరు పరీక్షలనూ గుర్తించింది. 2006లో చేసిన మొదటిది చాలా చిన్నది, అయినా దాని నుంచి వెలువడిన జెనాన్ అనే రేడియోధార్మిక వాయువు జాడ కెనడాలోని ఎల్లోనైఫ్ కేంద్రానికి అందింది.

‘మరీ చిన్న పేలుడు సంగతేమిటి?’ అని అడుగుతారు. అడగనివ్వండి, మీకు కావలసింది అదే. కొన్నేళ్లుగా రహస్యంగా చిన్న పరీక్షలు చేస్తున్నారని అగ్రరాజ్యాలు వేలెత్తి చూపుకుంటున్నాయి. నిజమో కాదో తేల్చాలంటే ఆ చోటికి వెళ్లి చూడాలి. ఆ హక్కు ఒప్పందంలో ఉంది: 51 మంది సభ్యుల కార్యనిర్వాహక మండలిలో 30 ఓట్లు వస్తే తనిఖీ బృందం బయలుదేరుతుంది. కానీ ఒప్పందం అమల్లోకి వస్తేనే. 2014లో జోర్డాన్‌లో మృతసముద్రం దగ్గర ఇలాంటి తనిఖీకి భారీ రిహార్సల్ కూడా చేశారు. కాబట్టి అనుమానం ఉన్నవాళ్లే దీన్ని ముందు కోరుకోవాలి. ఈ వాదనను సైనికాధికారులు, శాస్త్రవేత్తల ముందు పెట్టండి. రాయబారులకంటే వాళ్లే త్వరగా అందుకుంటారు.

చిన్న దేశాలను వదిలేయవచ్చా? అనుబంధంలో లేని దేశం ధ్రువీకరించినా లెక్క కదలదు, నిజమే. కానీ ఒక ప్రాంతమంతా ఒకే మాట మీద ఉంటే ఒంటరిగా మిగిలిన పెద్ద దేశానికి ఇబ్బందిగా ఉంటుంది. చాలాచోట్ల వ్యతిరేకత ఉండదు, ఫైలు చూసే మనిషే ఉండడు. కేబినెట్ నోట్ నమూనా, బిల్లు ముసాయిదా, వాళ్ల భాషలో ఒప్పంద పాఠం మీరే పట్టుకెళ్లండి. ఖర్చు పెరుగుతుందని ఆర్థిక శాఖ అడ్డుపడితే, సంతకం చేసిన దేశానికి వాటా ఇప్పటికే ఉందని, ధ్రువీకరించినంత మాత్రాన అది పెరగదని చూపించండి. తీర దేశమైతే ఈ కేంద్రాల సమాచారం సునామీ హెచ్చరికలకు కూడా వెళ్తోందని చెప్పండి. ధ్రువీకరణ పత్రం మీద దేశాధినేతో ప్రధానో విదేశాంగ మంత్రో సంతకం చేయాలి. అది న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి ఒప్పందాల విభాగానికి చేరేదాకా పని అయిపోయిందనుకోవద్దు.

రెండేళ్లకోసారి 14వ అధికరణం కింద సదస్సు జరుగుతుంది. ఆ మధ్య సంవత్సరాల్లో, 2002 నుంచి, సీటీబీటీ మిత్ర దేశాల మంత్రుల సమావేశం ఉంటుంది. తుది ప్రకటనలో ‘తక్షణమే’ ఉండాలా, ‘జాప్యం లేకుండా’ ఉండాలా అని రాత్రి పొద్దుపోయేదాకా కొట్టుకుంటారు. మీరు అందులో కూర్చోకండి. సంతకం చేయని దేశాలు కూడా పరిశీలకులుగా రావచ్చు. వాళ్లతో అరగంట ముఖాముఖి సమయం ముందే అడిగి పెట్టుకోండి.

ఎవరో ఒకరు తప్పకుండా ‘ఆ 14వ అధికరణాన్నే సవరిస్తే పోలా?’ అంటారు. సవరణ ప్రతిపాదించాలంటే ముందు ఒప్పందం అమల్లోకి రావాలి. భద్రతా మండలి పేరూ ఎత్తుతారు. 2016లో 2310 తీర్మానం 14 ఓట్లతో నెగ్గింది, ఈజిప్టు ఓటింగ్‌కు దూరంగా ఉంది. ధ్రువీకరించమని కోరింది తప్ప ఎవరి మీదా కొత్త బాధ్యత పెట్టలేదు. దాన్ని ఉన్నదానికంటే పెద్దది చేసి చెప్పకండి, అవతలివాళ్లు చదివే వస్తారు.

మూడు నాలుగేళ్లకు మీకు బదిలీ వస్తుంది. వెళ్లేముందు ఆ తొమ్మిది పేజీలూ తిరగరాయండి. ఎవరు ఏ సమావేశంలో ఏమన్నారో వాళ్ల మాటల్లోనే రాయండి, తర్వాతి ఎన్నికలు ఎప్పుడో తేదీ వేయండి, మీకు నిజంగా ఫోన్ ఎత్తే అధికారి ఎవరో కొత్తగా వచ్చేవాళ్లకు స్వయంగా పరిచయం చేయండి.