త్రిఫ్ట్ సెంటర్‌లో వాలంటీర్‌గా చేరాలనుకుంటున్నారా? ఇల్లు చూసుకుంటూనే చేయొచ్చు, ఇలాగ

అమెరికాలో పిల్లలు స్కూలుకి వెళ్లాక పగలు కాస్త వీలు దొరికే ఆడవాళ్లకి, రిటైరయి పిల్లల దగ్గర స్థిరపడ్డ పెద్దవాళ్లకి, ఏదైనా సేవ చేద్దామంటే ముందు గుడి, తర్వాత తెలుగు సంఘం గుర్తొస్తాయి. మంచిదే, చేయండి. కానీ మీరుండే ఊళ్లోనే ఏ చర్చివాళ్లో, హాస్పిటల్‌కి సాయం చేసే బృందంవాళ్లో నడిపే చిన్న త్రిఫ్ట్ సెంటర్ ఒకటి ఉండే ఉంటుంది. జనం ఇచ్చిన పాత బట్టలు, సామాన్లు అక్కడ తక్కువ ధరకి అమ్మి, ఆ డబ్బుతో అవసరంలో ఉన్నవాళ్లకి సరుకులు, అద్దె, మందులు ఇప్పిస్తుంటారు. అలాంటి చోట ఎప్పుడూ మనుషులు చాలరు. ఇల్లు నడిపే మనిషి అక్కడ కొత్తగా నేర్చుకోవాల్సింది కూడా చాలా తక్కువ. ఒక వస్తువు చేతిలోకి తీసుకుని ఇది ఇంకా పనికొస్తుందా, ఎవరికి పనికొస్తుంది అని తేల్చడమే అసలు పని, అది మనం రోజూ ఇంట్లో చేసేదే.

ఎక్కడ చేరాలన్నది ముందు చూసుకోండి. పాత సామాన్ల షాపులు నడిపే గుడ్‌విల్ సంస్థ అందరికీ తెలుసు, 1902లో బోస్టన్‌లో ఎడ్గర్ హెల్మ్స్ అనే మెథడిస్టు పాస్టర్ మొదలుపెట్టింది, కానీ వాళ్ల షాపుల్లో ఎక్కువగా జీతానికి పనిచేసేవాళ్లే ఉంటారు, ఎందుకంటే ఉద్యోగాలు ఇప్పించడమే వాళ్ల ఉద్దేశం. ఇళ్లు లేనివాళ్లకి ఇళ్లు కట్టించే హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ వాళ్ల షాపు రీస్టోర్‌లో వాలంటీర్లని బాగానే తీసుకుంటారు, కాకపోతే అక్కడ ఫర్నిచర్, తలుపులు, టైల్స్ లాంటి బరువైన సామాను ఎక్కువ, నడుం నొప్పి ఉన్నవాళ్లకి నేను చెప్పను. మొదటిసారి వెళ్లేవాళ్లకి ఊళ్లోని చిన్న సెంటరే నయం. ఒక రోజు కొనేవాళ్లలా వెళ్లి అరగంట తిరిగి చూడండి, హ్యాంగర్లు సర్ది ఉన్నాయా, గ్లాసు సామాను తుడిచి పెట్టారా, పనిచేసేవాళ్లు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటున్నారు, ఇవి చూస్తే ఆ చోటు సంగతి తెలిసిపోతుంది.

వీసా మాట ఇక్కడే చెప్పేస్తాను. వర్క్ పర్మిట్ లేకుండా హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగి భార్య లేదా భర్తకి ఇచ్చే వీసా) మీద ఉన్నవాళ్లు, విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు చేరే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్ని తప్పకుండా అడగండి. జీతం తీసుకోకపోతే చాలు అని చాలామంది అనుకుంటారు, కానీ మామూలుగా జీతమిచ్చి చేయించుకునే పనిని ఊరికే చేయడం, పనికి బదులుగా గిఫ్ట్ కార్డులు గానీ సామాను గానీ తీసుకోవడం ఇబ్బంది అవ్వొచ్చు. షాపులో క్యాష్ కౌంటర్ లాంటి పని అసలే అనుమానం. ఫ్రెండ్ చేసింది కదా అని మీరు దిగొద్దు.

చేరడం కష్టమేం కాదు. ఒక ఫారం, ఐడీ, కొన్నిచోట్ల బ్యాక్‌గ్రౌండ్ చెక్, ఒక గంట ఓరియెంటేషన్. ముందు వారానికి ఒక్క షిఫ్ట్ మాత్రమే ఒప్పుకోండి. ఉత్సాహంలో మూడు రోజులు ఒప్పుకుని రెండో నెలలో మానేస్తే వాళ్లకీ ఇబ్బంది, మీకూ మనసులో గిలి. శని, ఆదివారాల్లో జనం గరాజ్‌లు ఖాళీ చేసి తెచ్చి పడేస్తారు కాబట్టి సోమవారం సంచులు గుట్టలుగా ఉంటాయి, ఆ రోజు వచ్చే మనిషిని వాళ్లు నెత్తిన పెట్టుకుంటారు.

ఇక వచ్చిన సంచులు విప్పి ఏరే బల్ల దగ్గర పని. సంచి విప్పగానే ముందు వాసన. తడి వాసన, బూజు వాసన వస్తే ఆ సంచి మొత్తం పక్కన పెట్టాలి, ఒక్క బూజు పట్టిన కోటు పక్కనున్న పది బట్టల్ని పాడు చేస్తుంది. తర్వాత ఒక్కో బట్టా తీసి కాలర్ లోపల, చంకల కింద, చేతుల అంచులు, ప్యాంటు అయితే తొడల మధ్య అరుగుదల చూసి, జిప్పు ఒకసారి పైకీ కిందకీ లాగి, చివరికి వెలుతురుకి ఎత్తి పట్టుకోండి. ఉన్ని స్వెటర్లో పురుగు కొట్టిన సన్నటి చిల్లులు బల్ల మీద కనబడవు, వెలుతురులో చుక్కల్లా కనిపిస్తాయి. జేబులు తప్పకుండా వెతకాలి. డబ్బో, ఉంగరమో, మందుసీసానో ఏది దొరికినా నేరుగా మేనేజర్ చేతికి. గ్లవ్స్ లేకుండా సంచిలో చేయి పెట్టకండి, పగిలిన గాజు ఉండొచ్చు, సూదులు ఉండొచ్చు.

పనికిరాదని తీసేసిందంతా చెత్తలోకి పోతుందని బాధపడొద్దు. చాలా సెంటర్లు దాన్ని కట్టలు కట్టి బరువు లెక్కన పాత బట్టల వ్యాపారులకి అమ్ముతాయి. కొన్ని తుడిచే గుడ్డలవుతాయి, కొన్ని ఓడ ఎక్కి దేశాలు దాటుతాయి. హర్యానాలోని పానిపట్‌లో ఇలా పడమటి దేశాల నుంచి వచ్చిన పాత ఉన్ని బట్టల్ని చీల్చి మళ్లీ నూలు తీసి దుప్పట్లు నేస్తారు. తడిసినవి, నూనె అంటినవి మాత్రం దేనికీ పనికిరావు, వాటిని పారేయడానికి సెంటర్ ఎదురు డబ్బు కట్టాలి. అందుకే ఇచ్చేవాళ్లు ఉతికి ఇవ్వాలని అంత గట్టిగా చెబుతారు.

ధర చీటీకి ఎక్కువచోట్ల రంగులుంటాయి. ఈ వారం వచ్చినవాటికి ఒక రంగు, వచ్చే వారానికి ఇంకోటి, కొన్ని వారాలైనా అమ్ముడుపోని రంగుకి సగం ధర, అప్పటికీ పోకపోతే దించేస్తారు. చీటీని ట్యాగ్ గన్‌తో గుచ్చేటప్పుడు సూది కుట్టు మీదో, లోపలి లేబుల్ మీదో పడాలి, బట్ట మధ్యలో పడకూడదు. అది ఎవరైనా ఒకసారి చూపిస్తే వచ్చేస్తుంది.

మన వాళ్లు ఉంటే సెంటర్‌కి నిజంగా లాభమయ్యే చోటు చీరల దగ్గర. ఎవరో ఇచ్చిన గద్వాల పట్టు చీరని కర్టెన్ల మధ్య రెండు డాలర్ల చీటీతో వేలాడదీస్తారు, పాపం వాళ్ల తప్పేం లేదు, అదేమిటో వాళ్లకి తెలియదు. మీరు చేయాల్సింది ఇది. చీర పూర్తిగా విప్పి మడతల దగ్గర చూడండి, పట్టు చీర ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉంటే ఆ గీత వెంటే చీలుతుంది, పైకి మాత్రం కొత్తదానిలా ఉంటుంది. జరీ నల్లబడిందా, ఫాల్ ఊడిందా చూడండి. తర్వాత మడత మార్చి మడిచి, ఒక కార్డు మీద ఇంగ్లిషులో రాసి పెట్టండి: సుమారు అయిదున్నర మీటర్ల పొడవు, పట్టు, డ్రై క్లీనింగ్ మాత్రమే, జాకెట్ ముక్క ఉంది లేదా లేదు. పట్టు మీద ట్యాగ్ గన్ వాడొద్దు, అంచు దగ్గర కుచ్చుముడికి దారంతో కట్టండి. కుట్టిన జాకెట్టు ఉంటే చీరతో పాటే పిన్ను పెట్టాలి, విడిపోతే దాన్ని ఎవరూ కొనరు. నూలు జాకెట్ ముక్కలు మాత్రం ఫాబ్రిక్ సెక్షన్‌లో పెట్టించండి, ముక్కలు కలిపి క్విల్ట్‌లు కుట్టే అమెరికన్ పెద్దావిడలు వాటిని ఎంత ఇష్టంగా ఏరుకుంటారో చూస్తే మీకే ముచ్చటేస్తుంది.

బల్ల మీదకి వచ్చినా అమ్మకూడనివి కొన్ని ఉన్నాయి, ఇవి బాగా గుర్తుంచుకోవాలి. పక్క కటకటాలు కిందికి జారే పిల్లల ఊచల మంచాలు 2011 జూన్ 28 నుంచి అమ్మడం, ఊరికే ఇవ్వడం కూడా చట్టవిరుద్ధం. కంపెనీ వెనక్కి పిలిచిన వస్తువుల్ని అమ్మకూడదని 2008లో చట్టం వచ్చింది, అనుమానం వస్తే సీపీఎస్‌సీ (వస్తువుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్‌లో మోడల్ నంబర్ కొట్టి చూడొచ్చు. పిల్లల కారు సీట్లకి గడువు తేదీ ఉంటుంది, అవి ఏ యాక్సిడెంట్‌లో పడ్డాయో తెలియదు కాబట్టి చాలాచోట్ల తీసుకోనే తీసుకోరు. పక్కన మీతో పనిచేసేవాళ్లలో స్కూలు సర్వీస్ గంటల కోసం వచ్చిన పిల్లలుంటారు, కోర్టు పంపితే వచ్చినవాళ్లూ ఉంటారు. ఎందుకొచ్చారని అడగకండి. ఆ సంచి ఇటివ్వండి, ఈ పెట్టె అటు పెడదాం, అంతే.

ఇప్పుడు ఇంటి సంగతి. షిఫ్ట్ రోజు ఇల్లు తారుమారవకుండా ఉండాలంటే ఆ రోజు వంట ముందు రోజు రాత్రే తేలిపోవాలి. ఆదివారం సాయంత్రం ఇడ్లీ పిండి రుబ్బితే సోమవారం ఇడ్లీ, మంగళవారం దోశ గడిచిపోతాయి. చింతపండు గుజ్జు తీసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే వచ్చాక పప్పుచారుకి పావుగంట చాలు. కూరలు తరిగి ఉంచండి, పోపు మాత్రం తినే ముందే వేయండి. ఆ పూట ఇల్లు తుడవడం, బాత్రూం కడగడం లాంటివి పెట్టుకోవద్దు, ఒక్క గిన్నెల సింకు ఖాళీ చేసి బయల్దేరండి. ఇంటికొచ్చాక నేరుగా లాండ్రీ గదిలోకి. సెంటర్‌కి వేసుకెళ్లే జత వేరేగా పెట్టుకుని, అది మెషిన్లో వేసి, స్నానం చేశాకే వంటింట్లోకి. మన ఇళ్లలో బయటి నుంచి రాగానే కాళ్లు కడుక్కునే అలవాటు ఎలాగూ ఉంది, ఇక్కడ దుమ్ము, ఎలర్జీల వల్ల అది ఇంకా అవసరం.

సెంటర్‌లో పనిచేస్తే ఇంట్లోకి సామాను పెరిగే ప్రమాదం ఉంది, వాలంటీర్లకి డిస్కౌంట్ కూడా ఇస్తారు కదా. బల్ల మీద ఉండగానే తీసి పెట్టుకోవడం మాత్రం తప్పు, షాపులోకి వెళ్లాక అందరితో పాటే కొనాలి, చాలా సెంటర్లలో ఇది రూలే. నా మటుకు నేను పాటించేది ఒకటే, ఒకటి లోపలికి వస్తే అలాంటిదే ఒకటి బయటికి పోవాలి. కొన్న బట్టల్ని ఇంటికి రాగానే డ్రయర్‌లో హై హీట్‌లో అరగంట తిప్పండి, నల్లులు ఉంటే చస్తాయి. వేడి తట్టుకోనివాటిని కవర్‌లో కట్టి డీప్ ఫ్రీజర్‌లో సున్నా ఫారెన్‌హీట్‌లో నాలుగు రోజులు ఉంచొచ్చు. పాత రంగుల పువ్వుల పింగాణీ గిన్నెల్లో పులుసు, పులిహోర, ఊరగాయ పెట్టకండి, పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, పులుపుకి అది దిగుతుంది. అలంకారానికి పెట్టుకోండి.

కొనదగ్గ వస్తువు అంటే నేను ముందు చెప్పేది కాస్ట్ ఐరన్ పెనం. తుప్పు పట్టి ఉంటుంది, అందుకే చవక. స్టీలు పీచుతో తుప్పంతా పోయేలా రుద్ది, కడిగి, వెంటనే పొయ్యి మీద ఆరబెట్టి, నూనె రాసి, రాసిన నూనె మొత్తం మళ్లీ తుడిచేసినట్టుగా పల్చగా తుడవండి. ఓవెన్‌లో 450 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర బోర్లించి గంటసేపు ఉంచి, లోపలే చల్లారనివ్వండి. రెండు మూడుసార్లు ఇలా చేస్తే దోశ అంటుకోకుండా లేస్తుంది.

ఇంట్లో నుంచి ఇచ్చేవాటికి గరాజ్ తలుపు దగ్గర ఒక పెట్టె పెట్టి ఉంచండి. గృహప్రవేశాల్లో, నోముల్లో వచ్చిన స్టీలు డబ్బాలు, రిటర్న్ గిఫ్టులు, పిల్లలకి పొట్టయిన పట్టు లంగాలు, అన్నీ అందులోకి. కలరా ఉండలు వేసి దాచిన బట్టలైతే కనీసం కొన్ని రోజులు బయట గాలికి ఆరేయకుండా ఇవ్వొద్దు, ఆ వాసన ఒక్కటే చాలు మొత్తం సంచిని తిప్పి పంపడానికి. చలికోట్లకి పట్టే పోపు వాసన మన ముక్కుకి తెలియదు, అవతలివాళ్లకి తెలుస్తుంది, అవీ ఒకసారి ఆరేయండి. ఇండియా నుంచి తెచ్చిన 220 వోల్టుల మిక్సీలు, గ్రైండర్లు అసలు ఇవ్వకండి, ఇక్కడి 120 వోల్టుల ప్లగ్గులో అవి సరిగా తిరగవు, కొన్నవాళ్లు మోసపోతారు. కుక్కర్ ఇస్తే గాస్కెట్, వెయిట్ కలిపి ఒక కవర్‌లో కట్టి లోపలే పెట్టండి. దేవుడి పటాలు, విగ్రహాలు కూడా వద్దు, బొమ్మల అరలో పింగాణీ కుక్కపిల్లల పక్కన పెడతారు, చూస్తే మనకే కష్టంగా ఉంటుంది. దగ్గర్లోని గుడిలో తీసుకుంటారేమో అడగండి.

ఎవరో వేసుకున్న బట్టలు మనకెందుకని ఇంట్లో అత్తయ్యగారో అమ్మగారో అంటే వాదన పెట్టుకోవద్దు, వాళ్ల మడి, వాళ్ల పట్టింపు వాళ్లది. సెంటర్ బట్టలు పూజగది వైపు రాకుండా చూసుకుంటే సరిపోతుంది. వీలైతే ఒక పగలు వాళ్లని కొనేవాళ్లలా తీసుకెళ్లి చీరల దగ్గర వదలండి, ఏది ఏ ఊరి నేతో మీకంటే బాగా చెబుతారు, ఆ కార్డులు మీరు రాసుకోవచ్చు.

పన్ను రసీదు అడిగి తీసుకోండి. పన్ను రిటర్నులో మినహాయింపులు విడివిడిగా లెక్క చూపేవాళ్లకే (ఐటమైజ్ చేసేవాళ్లకే) ఇది పనికొస్తుంది. ఒకేసారి 250 డాలర్లు, ఆపైన విలువైనవి ఇస్తే సెంటర్ రాసిచ్చిన కాగితం ఉండాలి, ఏడాదిలో వస్తువుల రూపంలో ఇచ్చింది 500 డాలర్లు దాటితే పన్ను రిటర్నుతో పాటు 8283 ఫారం నింపాలి. మీరు పనిచేసిన గంటలకి మినహాయింపు లేదు, రాను పోను కారు మైళ్లకి మాత్రం మైలుకి 14 సెంట్లు ఉంది. ఈ పన్ను లెక్క కోసమే డిసెంబర్ చివరి వారంలో జనం కార్లు వరస కట్టి సామాను దించుతారు, అప్పుడు బల్ల దగ్గర ఊపిరాడదు. మీ పెట్టె నవంబర్‌లోనే ఇచ్చేయండి. చలికోట్లైతే అక్టోబర్‌కే చేరాలి, చలి ముదరకముందే వాటి కోసం మనుషులు వస్తారు. సోఫా, బల్ల లాంటి పెద్దవి ఉంటే ముందు ఫోన్ చేసి, ఫోటో పంపి, తీసుకుంటామంటేనే కదిలించండి.