ఐదువందల మందికి దావత్: ఎవరికీ కడుపు చెడకుండా వండేదెలా?

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఎండాకాలం పెండ్లి దావత్ అంటే బయట 42, 44 డిగ్రీల వేడి. కూర చెడేది ఎక్కువసార్లు పొయ్యి మీద కాదు, పొయ్యి మీంచి దించాకే. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు జోరుగా పెరుగుతాయి.

1. ముందు నీళ్లు. వెయ్యి లీటర్ల ట్యాంకుకు రెండున్నర గ్రాముల బ్లీచింగ్ పౌడర్ బకెట్ నీళ్లలో కలిపి, అడుగున సున్నం పేరుకున్నాక పైతేట మాత్రమే పోయండి. గంట తర్వాత క్లోరోస్కోప్‌తో (నీళ్లలో క్లోరిన్ ఎంతుందో చూపే చిన్న పరికరం) చూస్తే లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. మూత తీసి పెట్టిన పాత పౌడర్‌లో ఘాటు పోతుంది, అది వేసినా దండగే.

2. వేలు తెగినవాళ్లను, చేతిమీద పుండున్నవాళ్లను, విరేచనాలవుతున్నవాళ్లను వంటకూ వడ్డనకూ రానివ్వొద్దు. మొహమాటం పనికిరాదు. పుండులో ఉండే స్టాఫైలోకాకస్ అనే సూక్ష్మజీవి కూరలో పడి వదిలే విషం మళ్లీ మరిగించినా పోదు.

3. మటన్ పొద్దున్నే వండండి. రాత్రి వండి మూతపెట్టిన పెద్ద గంజులో కూర నడిమధ్య గంటలకొద్దీ గోరువెచ్చగానే ఉంటుంది. వంట వేడికి చావని క్లాస్ట్రిడియం అనే సూక్ష్మజీవి బీజాలు అక్కడే మొలకెత్తుతాయి. థర్మామీటరు పుల్లను ఎముకకు తగలకుండా లావు ముక్కలో గుచ్చితే 75 డిగ్రీలు చూపాలి. వడ్డించేదాకా సన్నసెగ మీద 60కి తగ్గకుండా ఉంచండి. బగారన్నం ఒకేసారి వండకుండా రెండు మూడు వాయిలుగా దించితే మేలు. పెరుగు చట్నీ ఆఖరున కలపండి.

4. ప్రతి వంటకం నుంచి వంద గ్రాములు శుభ్రమైన డబ్బాల్లో తీసి, పేరు, టైము రాసి మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉంచండి. ఎవరూ చేయని పని ఇదే, తర్వాత ఎవరికైనా జబ్బు చేస్తే పరీక్షకు ఎక్కువ పనికొచ్చేదీ ఇదే.

5. ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వాంతులు, విరేచనాలు మొదలైతే వెంటనే ఆశా కార్యకర్తకు, పీహెచ్‌సీకి చెప్పండి. ఒక నోటుబుక్కులో పేరు, వయసు, ఏం తిన్నారు, ఎన్ని గంటలకు తిన్నారు, బాధ ఎప్పుడు మొదలైంది రాయండి. జబ్బు రానివాళ్లవీ రాయాలి, లేకుంటే లెక్క తేలదు. ఉదాహరణకు, పెరుగు చట్నీ తిన్న 40 మందిలో 30 మంది పడిపోయి, తినని 40 మందిలో 4గురే పడిపోతే అనుమానం చట్నీ మీదే. టైము కూడా దారి చూపుతుంది: ఒకటి నుంచి ఆరు గంటల్లో వాంతులైతే స్టాఫైలోకాకస్ కావచ్చు, ఆరు నుంచి 24 గంటల్లో కడుపునొప్పి, విరేచనాలైతే క్లాస్ట్రిడియం, జ్వరం కూడా ఉంటే సాల్మొనెల్లా అనే మరో సూక్ష్మజీవిని అనుమానించాలి.

6. పెద్ద ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా తాగించండి. సగం ప్యాకెట్ అంచనాగా వేయొద్దు. మలంలో రక్తం, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం, పిల్లలు మత్తుగా ఉండటం కనబడితే 108కి ఫోన్ చేయండి. విరేచనాలు ఆపే గోలీలు సొంతంగా వేయొద్దు.

అధికారులు వచ్చి నమూనాలు తీసేదాకా గంజులు కడగొద్దు, మిగిలిన కూర పారబోయొద్దు. మూతపెట్టి, ఎవరూ ముట్టకుండా పక్కన పెట్టండి.