ఇంటి రౌటర్‌లో ఐపీవీ6 ఫైర్‌వాల్ – 4వ పాఠం: మూయకూడనివి

గత పాఠంలో వ్యాన్ (బయటి ఇంటర్నెట్) నుంచి ల్యాన్‌కు (ఇంటి నెట్‌వర్క్‌కు) వచ్చే ఫార్వర్డ్‌ను, అంటే రౌటర్ లోపలికి దాటించే పాకెట్లను, మూసేయమన్నాం. చాలామంది అక్కడితో ఆగకుండా, వరుసలో అన్నిటికన్నా పైన ‘ఐసీఎంపీవీ6 డ్రాప్’ అని, అంటే ఐపీవీ6 తన పనికి వాడుకునే సంకేతాల పాకెట్లను పారేయమని, మరో నియమం పెట్టారు. అరగంట బాగానే నడిచి, తర్వాత ఐపీవీ6 పోయింది. దాంతో కొందరు ఫైర్‌వాల్ మొత్తాన్నే ఆపేశారు. ముందు దాన్ని మళ్లీ ఆన్ చేయండి. ఐపీవీ4లో నాట్ (ఇంటి చిరునామాలను రౌటర్ తన ఒక్క చిరునామా వెనుక దాచే పద్ధతి) వల్ల ఇంట్లోని పరికరాలు బయటికి కనబడవు. ఐపీవీ6లో ప్రింటర్‌కూ కెమెరాకూ కూడా 2తో గానీ 3తో గానీ మొదలయ్యే ప్రపంచ చిరునామా ఉంటుంది. ఇన్ని చిరునామాల్లో మనదెవరు వెతుకుతారులే అనుకోవద్దు. ఆ పరికరం ఏ సర్వర్‌ను పలకరించినా తన చిరునామా తనే ఇచ్చేస్తుంది.

‘ఎస్టాబ్లిష్డ్, రిలేటెడ్’ నియమం (లోపలి నుంచి మొదలైన కనెక్షన్ల జవాబులను, వాటికి సంబంధించిన పాకెట్లను రానిచ్చేది) అన్నిటికన్నా పైన ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

ఇక అసలు చిక్కు. పింగ్‌ను ఆపితే భద్రత అనే అలవాటు ఐపీవీ4 నాటిది. ఐపీవీ6లో అదే అలవాటు లైన్‌నే తెంపుతుంది, ఎందుకంటే ఇక్కడ ఏఆర్‌పీ లేదు. ఐపీవీ4లో అది చేసే, పక్క పరికరాన్ని కనుక్కునే పని ఇక్కడ ఐసీఎంపీవీ6లోని 135, 136 రకాలది. 134 అంటే రౌటర్ ప్రకటన. డీఫాల్ట్ దారి చాలా చోట్ల దీన్నుంచే వస్తుంది. దాని గడువు తరచు 1800 సెకన్లు. కొత్త ప్రకటన లోపలికి రాకపోతే ఆ గడువు తీరగానే దారి పోతుంది. ఆ అరగంట లెక్క ఇదే. ఈ మూడూ ఏ పాత కనెక్షన్‌కూ చెందవు కాబట్టి ‘రిలేటెడ్’ వీటిని కాపాడదు. వ్యాన్ ఇన్‌పుట్‌లో (బయటి నుంచి రౌటర్‌కే వచ్చే పాకెట్ల నియమాల్లో) పేరుపెట్టి అనుమతించాలి.

2వ రకం, ‘పాకెట్ టూ బిగ్’, ఇంకా మోసకారి. ఐపీవీ6లో దారిలోని రౌటర్లు పాకెట్‌ను ముక్కలు చేయవు. ఇమడకపోతే పారేసి, పంపినవారికి ఈ కబురు పెడతాయి. మీరు 1500 బైట్లు పంపారు, ముందు దారి 1492 మాత్రమే పట్టే పీపీపీఓఈ (ఒక రకం బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్) అనుకోండి. కబురు మీ డ్రాప్ నియమానికి తగిలి పోతే మీ కంప్యూటర్ అదే 1500ను మళ్లీ మళ్లీ పంపుతూనే ఉంటుంది. పింగ్ వెళుతుంది, పేజీలు తెరుచుకుంటాయి, పెద్ద అప్‌లోడ్ మాత్రం కదలదు. తప్పు సర్వర్‌దనుకుని రోజులు పోగొట్టుకునేది ఇక్కడే. 1, 2, 3, 4 రకాలను, అంటే ఇలాంటి పొరపాటు కబుర్లను, ఫార్వర్డ్‌లోనూ ఇన్‌పుట్‌లోనూ రానివ్వండి. 128, 129, అంటే పింగ్‌ను కూడా రానివ్వమనే నా సలహా. సెకనుకు 1000 అని పరిమితి పెడితే చాలు, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్ సాఫ్ట్‌వేర్) డీఫాల్ట్ కూడా అంతే.

మరొకటి యూడీపీ 546, డీహెచ్‌సీపీవీ6 (సర్వీసు సంస్థ నుంచి చిరునామాలు అడిగి తీసుకునే పద్ధతి) జవాబులు వచ్చే పోర్టు. డీహెచ్‌సీపీవీ6 అభ్యర్థన మల్టీకాస్ట్‌గా (ఒక గుంపు మొత్తానికి) వెళుతుంది, జవాబు సర్వర్ సొంత లింక్ లోకల్ చిరునామా (ఆ ఒక్క లింక్‌లోనే పనిచేసేది) నుంచి వస్తుంది. రెండింటికీ పొత్తు కుదరక ఫైర్‌వాల్ దాన్ని కొత్త పాకెట్‌గా లెక్కేస్తుంది. ఎఫ్ఈ80తో మొదలయ్యే చిరునామాల నుంచి 546కు వచ్చేవాటిని అనుమతించండి. లేకపోతే ప్రిఫిక్స్ (మీ ఇంటి చిరునామాలన్నిటికీ ఉమ్మడి ముందు భాగం) రాదు.

అభ్యాసం: కంప్యూటర్‌లో 8080 పోర్టు మీద ఏదైనా వెబ్ సర్వర్ నడపండి. వైఫైలో ఉన్న ఫోన్‌ బ్రౌజర్‌లో కంప్యూటర్ ప్రపంచ చిరునామాను చదరపు బ్రాకెట్లలో, పోర్టుతో సహా కొట్టండి. పేజీ రావాలి. రాకపోతే అడ్డు కంప్యూటర్ సొంత ఫైర్‌వాల్‌ది, ముందు అది తేల్చుకోండి. తర్వాత వైఫై ఆపి, ఐపీవీ6 ఉన్న మొబైల్ డేటాతో అదే చిరునామా. ఇప్పుడు పేజీ రాకూడదు, పింగ్‌కు మాత్రం జవాబు రావాలి. ఆపైన రౌటర్‌ను 3 గంటలు కదపకుండా వదిలి మళ్లీ పరీక్షించండి. ప్రకటన గడువుకు 2018 దాకా గరిష్ఠ పరిమితి 9000 సెకన్లు, అంటే రెండున్నర గంటలు; తర్వాత దాన్ని 65535 సెకన్లకు పెంచినా, గడువు తరచు ఆ 1800 సెకన్లే. స్టేటస్ పేజీలో ప్రిఫిక్స్ గడువు తగ్గుతూ తగ్గుతూ మళ్లీ మొదటి అంకెకు ఎగబాకడం కళ్లారా చూసేదాకా 5వ పాఠం తెరవకండి.